నిద్రపోని పూస

వెలుగుమిట్టలో ఎవరూ ఎవరినీ దారి అడగరు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, సూర్యుడు అస్తమించని ఒక కొండ అంచున, తొమ్మిది వందల మంది బతికే ఊరది. ఏ తలుపు పనిచేస్తోంది, ఏ గదిలో గాలి మారుస్తున్నారు, క్యాంటీన్‌లో ఇవాళ పప్పా పులుసా, పక్కింటి నాగరత్నంగారి మోకాలి నొప్పి తగ్గిందా లేదా, ఇవేవీ అక్కడ నోరు తెరిచి అడగక్కర్లేదు. ప్రతివాళ్లకూ కుడిచెవి వెనక మెంతిగింజంత పూస ఒకటి ఉంటుంది. నిద్ర లేచేసరికి ఊరంతటి సంగతీ మనసులో ఉంటుంది, మన పేరు మనకు గుర్తున్నట్టే. దాన్ని వాళ్లు ఉమ్మడి ఎరుక అంటారు.

తరళ ఆ ఎరుకకు కాపలాదారు. ఊరి యంత్రాలన్నిటినీ నడిపే కెర్నెల్‌ను చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఆ కెర్నెల్‌కు కాగితాల మీద పెద్ద పేరేదో ఉంది గాని, ఊళ్లో అందరూ దాన్ని గుమాస్తా అనే పిలుస్తారు. అడిగినదానికి మర్యాదగా బదులిస్తుంది, అడగనిది చెప్పదు, రాసిపెట్టిన నిబంధనను పొల్లు పోకుండా పాటిస్తుంది. అంతకంటే తగిన పేరు దానికి ఎవరూ పెట్టలేరు.

ఆ రోజు ఉదయం గంట కొట్టగానే గుమాస్తా ఆమెను పిలిచింది. ఉదయమంటే అక్కడ గంట కొట్టడమే, సూర్యుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

"తరళగారూ, గడువు ఇంకా పూర్తి కాలేదు. పాత ప్రతులు తొంభై ఆరు శాతం మెమరీని ఆక్రమించాయి. ఇంకో ఏడు గంటల్లో నిండిపోతుంది."

"నిండితే ఏమవుతుందో నాకోసారి చెప్పు."

"కొత్త ప్రతి రాయడానికి చోటుండదు. గాలి కవాటాల్ని తిప్పాలంటే వాటి కొత్త స్థితి రాయాలి. కాబట్టి కవాటాలు ఎలా ఉన్నవి అలాగే ఆగిపోతాయి. ఆ తర్వాత ఊళ్లో గాలి నాలుగు గంటలు సరిపోతుంది."

గుమాస్తా గొంతులో కంగారు ఉండదు. పండగ రోజున వంటల పట్టీ చదివినా అదే గొంతు, ఇదీ అదే గొంతు. తరళకు ఒక్కోసారి దాని నిదానం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఈ గడువు సంగతి కాస్త విప్పి చెప్పాలి. తొలిరోజుల్లో ఊళ్లో ఏ సంగతి మారినా, మెలకువలో ఉన్నవాళ్ల తలల్లో అప్పటికప్పుడు మార్చేసేవారు. మనిషి ఒక ఆలోచన మధ్యలో ఉండగా దానికి ఆధారమైన సంగతి మారిపోతే, సగం పాతది, సగం కొత్తది అవుతుంది. ఒక వెల్డరు ఎడమవైపు తలుపు మూసి ఉందనుకుని పని మొదలుపెట్టి, తెరిచి ఉందనుకుని ముగించాడు. అతని పేరు ఇప్పటికీ మూడో వీధి గోడ మీద ఉంది. ఆ తర్వాత తాళం పద్ధతి వచ్చింది. ఎవరెవరు ఎరుకను చదువుతున్నారో లెక్కపెట్టి, అందరి పూసలకూ తాళం వేసి, సంగతి మార్చి, మళ్లీ ఒక్కొక్కరినీ వదిలేవారు. అంతసేపూ ఊరు ఊరంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయేది. జనం పెరిగేకొద్దీ రెండు సెకన్ల ఆగడం కాస్తా ఇరవై సెకన్లయింది. ఆ ఇరవై సెకన్లలో పొయ్యి మీద పాలు పొంగితే నవ్వుకోవచ్చు. గాలి తలుపు మూయాల్సినవాడు నిలబడిపోతే ఎవరూ నవ్వలేకపోయారు.

అప్పుడు పరాంకుశం మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టారు. "పాత నోటీసు చింపకండి. పక్కన ఇంకో బోర్డు మీద కొత్తది పూర్తిగా రాయండి. రాయడం అయ్యాక, బోర్డు వైపు చూపించే బాణం గుర్తును ఇటు తిప్పండి. కొత్తగా వచ్చేవాడు కొత్తది చదువుకుంటాడు. పాతది చదువుతున్నవాడు నిమ్మళంగా చదివి వెళ్తాడు. వాడు వెళ్లాకే పాతది చింపండి" అన్నారాయన. ఆ బాణం గుర్తును ఇంజనీర్లు పాయింటర్ అన్నారు, మాస్టారు సూచిక అన్నారు.

అసలు తెలివంతా తర్వాతి మాటలో ఉంది. ఎవరు చదువుతున్నారో లెక్కపెట్టొద్దు అన్నారు మాస్టారు. లెక్క పెట్టడంలోనే ఆలస్యమంతా ఉంది. మనిషి పావుగంట గాఢనిద్ర పోయాడంటే చేతిలోది కింద పెట్టేసినట్టే; పూస పాత ప్రతిని వదిలేసి, మనిషి లేవగానే కొత్తదాన్ని పట్టుకుంటుంది. కాబట్టి ఊళ్లో ప్రతి పూసా ఒక్కసారి నిద్రపోయేదాకా ఆగితే చాలు. అదే గడువు. ఎవరి పేరూ రాసుకోనక్కర్లేదు. పేటలో ఉన్నవాళ్లంతా నిద్రపోయాక ఆ పేట తరఫున ఒక్క బదులు వస్తుంది, అంతే. చావు కూడా నిద్ర కిందే లెక్క. ఒళ్లు చల్లబడగానే పూస తనంతట తానే పాతదాన్ని వదిలేస్తుంది.

ముప్ఫై ఏళ్లుగా ఆ పద్ధతిలో ఏ లోటూ రాలేదు. తొమ్మిది రోజులుగా మాత్రం ఉత్తర పేట నుంచి రావాల్సిన ఆ ఒక్క బదులు రాలేదు. గడువు పూర్తి కాకపోతే పాతది ఏదీ చెరపడానికి లేదు. తొమ్మిది రోజుల మార్పులన్నిటి పాత ప్రతులూ కుప్పపడి ఉన్నాయి.

ఆ తొమ్మిది రోజుల మొదట్లో ఉన్న మార్పు ఏదో తరళకు గుమాస్తా చెప్పక్కర్లేదు. దాని కింద సంతకం ఆమెదే. ఉత్తర సొరంగం కప్పు కూలింది. మంచు గనికి కొలతలు తీయడానికి వెళ్లిన కుందన తిరిగి రాలేదు. ఆమె సూట్ నుంచి వచ్చే సంకేతం ఆగిపోయింది. ఆ సాయంత్రమే ఎరుకలో రెండు మార్పులు జరిగాయి. ఉత్తర సొరంగం పటంలోంచి పోయింది, పొరపాటునైనా ఎవరి కాళ్లూ అటు వెళ్లకుండా. కుందన మనుషుల పట్టీలోంచి పోయింది.

కుందన తరళకు సొంత అక్క.

ఆ రోజు నిద్రపోయి లేచేసరికి తరళకు అక్క చనిపోయిందని తెలుసు. వినడం వేరు, తెలియడం వేరు. భూమి మీద మనిషి పోతే ఇంట్లోవాళ్లు నెలల తరబడి వీధి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతారట. వెలుగుమిట్టలో అలా జరగదు. ఎరుక దుఃఖాన్ని తగ్గించదు, సందేహాన్ని తీసేస్తుంది. తరళ ఏడ్చింది, కానీ ఎదురుచూడలేదు.

అయినా ఇప్పుడామెను ఒక సంగతి లోపల తొలిచేస్తోంది. గడువు పూర్తి కాలేదంటే, ఎక్కడో ఒక పూసలో పాత ప్రతి ఇంకా ఉంది. ఆ ప్రతిలో అక్క బతికే ఉంది.

"గుమాస్తా," అంది, గొంతు తగ్గించి. "పాత ప్రతిలో మా అక్క ఇప్పుడేం చేస్తోంది?"

"నేను చెప్పలేను. నాకు కొత్త ప్రతి మాత్రమే కనబడుతుంది. పాతది ఎవరి చేతిలో ఉందో వారికే కనబడుతుంది."

"ఎవరి చేతిలో ఉంది?"

"లెక్కపెట్టకూడదని నిబంధన."

ఇక చేసేదేముంది, తరళ ఉత్తర పేటకు బయలుదేరింది. అరవై ఒక్క ఇళ్లు. నూట పదకొండు మంది. వాళ్లలో ఒకరు తొమ్మిది రోజులుగా పావుగంట కూడా నిద్రపోలేదు, ఆ మాట దాస్తున్నారు. ఎరుక ఉన్న ఊళ్లో తలుపు తట్టి ప్రశ్న అడగడమంటేనే వింత. జనం ఆమెను ఎగాదిగా చూశారు.

"నేను నిద్రపోలేదని నీకెవరు చెప్పారే?" అని నాగరత్నంగారు విరుచుకుపడ్డారు. "నా గురకకి మా ఆయన మంచం హాల్లోకి మార్చుకున్నాడు. వెళ్లి ఆయన్నే అడుగు."

ఆయన్ను అడిగితే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఒకావిడ తన నిద్రమాత్రల సీసా తెచ్చి చూపించింది. ఒక ఫిట్టరు, పని మానేసి పడుకుంటున్నానని నేరం మోపడానికి తరళ వచ్చిందనుకుని, అసలు నిద్రే పోనన్నాడు, తర్వాత విషయం తెలిసి నాలిక కరుచుకున్నాడు. నాలుగు గంటలు తిరిగినా అబద్ధం చెబుతున్న మొహం ఒక్కటీ కనబడలేదు. చివరికి ఒక్క ఇల్లు మిగిలింది. కావాలనే ఆమె దాన్ని చివరికి పెట్టుకుంది.

తలుపు తీసింది బావ నరహరి. ఉపరితలం మీద మంచుబళ్లు తోలడంలో అతన్ని మించినవాడు ఊళ్లో లేడు. ఇప్పుడతని గడ్డం మాసిపోయి ఉంది. లోపల బల్ల మీద రేడియో, రెండు ఇత్తడి గిన్నెలు. మర్నాడు పదో రోజు. భూమి మీది పురోహితుడు రేడియోలో మంత్రం చెబుతానన్నాడు.

"బావా, నిన్నొకటి అడగాలి. ఏమీ అనుకోకు."

"నిద్రపోతున్నానా లేదా, అదేగా? పేటంతా గోల చేస్తోంది." అతను కుర్చీలో కూలబడ్డాడు. "పోతున్నాను. చచ్చినట్టు తొమ్మిది గంటలు పడుకుంటున్నా. పెళ్లాం పోయినవాడు అట్లా నిద్రపోవచ్చా తరళా? నాకే సిగ్గేస్తోంది."

అది అబద్ధం కాదని తరళకు తెలిసిపోయింది. ఆ సిగ్గును ఎవరూ నటించలేరు.

"నేనే నీ దగ్గరికి వద్దామనుకుంటున్నా," అన్నాడతను. "ఇంట్లో ఏదో ఉంది. రోజూ ఐదున్నరకి కెటిల్ దానంతటదే ఆన్ అవుతోంది. అది మీ అక్క షిఫ్టు దిగే టైము. మూడో రోజున ప్లగ్గు పీకేశా. పీకితే ఇప్పుడా వంటింట్లో లైటు. మూడుసార్లు వెలుగుద్ది, ఆగుద్ది, మళ్లీ మూడుసార్లు. గుడ్డ కప్పేశాను. ఆత్మ శాంతించలేదంటున్నారు నాగరత్నంగారు."

తరళ వంటింటి వైపు చూసింది. లైటు మీద కుందన పాత ఓణీ ముక్క చుట్టి ఉంది.

"గడువు పూర్తి కావట్లేదటగా," అన్నాడు నరహరి. "ఆ పాత ప్రతేదో చెరిపెయ్యమ్మా. రేపటిలోగా చెరిపెయ్. మీ అక్కను పోనీ. నన్నూ కాస్త బతకనీ."

అక్కడి నుంచి ఆమె తిన్నగా పరాంకుశం మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఎనభై దాటాయి ఆయనకు. కెర్నెల్ గది పక్కనే ఉంటారు, పిలవకపోయినా వచ్చి సలహాలిస్తారు, పిలిస్తే మాత్రం బెట్టు చేస్తారు. ఇవాళ బెట్టు చేయలేదు.

"కెటిల్ సంగతి భయపడాల్సింది కాదమ్మాయ్," అన్నారు అంతా విని. "పాత ప్రతిలో మీ అక్క ఇంకా షిఫ్టుకు వెళ్లి వస్తూనే ఉంది కదా. అందులో మిగిలిపోయిన రోజువారీ ఆజ్ఞ ఏదో నడుస్తోంది. ప్రతి చెరిగితే అదీ పోతుంది."

"ఒకవేళ అక్క పూసే ఇంకా పట్టుకుని ఉందేమో మాస్టారూ? అక్కడ, ఆ రాళ్ల కింద?"

"ఒళ్లు చల్లబడితే పూస వదిలేస్తుంది. నేను రాసిందేగా అది." ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. "బతికున్న మనిషెవరో నిద్రపోవడం లేదు, అంతే. ఎవరో ఏమిటో వెతికే టైము మనకు లేదు. జోల పాడేద్దాం."

జోల అనేది మాస్టారే రాసి, ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ వాడని ఆజ్ఞ. అది ప్రతి పూసకూ విడివిడిగా వెళ్లి, మనిషిని అప్పటికప్పుడు పావుగంట గాఢనిద్రలోకి పంపుతుంది. రోజుకు ఒక్కసారే వాడాలి. రెండోసారి మెదడు తట్టుకోదు. ఆ పావుగంటలో ఊరిని గుమాస్తా ఒక్కటే చూసుకోవాలి.

తరళ తటపటాయించింది. బయటికి చెప్పుకోలేదు గాని, ఆమెకు ఆ ప్రతిని చెరపాలని లేదు. ఎవరి చేతిలో ఉందో తెలియకపోయినా, ఎక్కడో ఒకచోట అక్క ఇంకా షిఫ్టు దిగి ఇంటికి వస్తోందన్న మాటే ఆమెకు తొమ్మిది రోజులుగా ఆసరా. జోల పాడితే ఇక అక్క ఎక్కడా ఉండదు. కానీ మెమరీ తొంభై తొమ్మిది శాతానికి వచ్చింది. ఊళ్లో తొమ్మిది వందల ప్రాణాలున్నాయి. ఆమె కళ్లు తుడుచుకుని మైకు అందుకుంది.

"అందరూ వినండి. పది నిమిషాల్లో జోల. యంత్రాల మీద చేతులున్నవాళ్లు చేతులు తీసి కింద కూర్చోండి. పొయ్యిలు ఆర్పండి. బళ్లు ఆపండి."

మైకులు ఊరంతటా ఉన్నాయి. పటంలో ఉన్న ప్రతిచోటా ఉన్నాయి.

ఆమె మాస్టారి పక్కనే నేల మీద కూర్చుని, ఆజ్ఞ ఇచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

లేచేసరికి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. మనసులో ఊరు మళ్లీ సర్దుకుని ఉంది. రెండో వీధి దీపాలు మార్చారు, క్యాంటీన్‌లో సాయంత్రం ఉప్మా, అక్క చనిపోయింది.

"గడువు పూర్తయింది," అంది గుమాస్తా. "పాత ప్రతులు చెరిపేశాను. మెమరీ పదకొండు శాతం. ఉత్తర పేట నుంచి నూట పన్నెండు బదుళ్లు వచ్చాయి."

మాస్టారు సంతోషంగా చేతులు రుద్దుకుంటున్నారు. తరళ లేవబోయి ఆగింది.

"నూట పదకొండు."

"నూట పన్నెండు. జోలకు పేట తరఫున ఒక్క బదులు సరిపోదు. ప్రతి పూసా విడిగా బదులివ్వాలి. లెక్క సరిగ్గానే ఉంది."

"నేను పొద్దున్నుంచి తిరిగాను. నూట పదకొండు మందే ఉన్నారు. ఆ ఎక్కువ వచ్చింది ఎవరిది?"

"కుందనగారి పూసది. కుందనగారు లేరు."

మాస్టారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారాయన చివరికి.

"ఉత్తర సొరంగం, మూడో ఆశ్రయగది. ఉత్తర సొరంగం లేదు."

సొరంగాల్లో అక్కడక్కడా ఆశ్రయగదులుంటాయి. ప్రమాదంలో చిక్కుకున్నవాళ్లు దూరి తలుపు వేసుకోవడానికి. పన్నెండు రోజుల నీళ్లు, బిస్కెట్లు ఉంటాయి. గాలి శుభ్రం కావడానికి మాత్రం ఒక చేతిచక్రం ఉంటుంది. పది నిమిషాలకొకసారి గంట మోగుతుంది, అప్పుడు లేచి చక్రం తిప్పాలి. తిప్పకపోతే గంటన్నరలో గాలి విషమవుతుంది. పైన ఉపరితలం మీదికి తెరుచుకునే మూత ఒకటి ఉంటుంది గాని, దాని మీద రాళ్లు పడితే లోపలి నుంచి తెరవడం మనిషి వల్ల కాదు. పది నిమిషాలకొకసారి మోగే గంట దగ్గర మనిషి కునుకు తీయవచ్చు, పావుగంట నిద్ర పోలేడు. తొమ్మిది రోజులు.

"తను పంపిన కబుర్లన్నీ పాత ప్రతిలోకి వెళ్లాయి," అన్నారు మాస్టారు. "దాన్ని ఇంకెవరూ చదవరు. కెటిల్ సంగతి ఎవరూ మార్చలేదు. కాబట్టి పాత ప్రతిలోని సూచికా, కొత్త ప్రతిలోని సూచికా ఆ ఒక్క కెటిల్ వైపే ఉన్నాయి. మీ అక్క చేతికి అందినవి అలా మారకుండా మిగిలినవే. కెటిల్, తర్వాత ఆ లైటు. పిలుస్తోందమ్మా. రోజూ ఇంటికి పిలుస్తోంది."

"బతికున్న మనిషెవరో నిద్రపోవడం లేదన్నారు మీరు."

"అన్నాను. ఆ మాట అని కూడా ఆలోచించలేదు." ఆయన మొహం చేతుల్లో దాచుకున్నారు.

"గుమాస్తా, ఆ పూస లేచిందా?"

"లేదు. మిగతావన్నీ లేచాయి. ఆ పూస ఇంకా గాఢనిద్రలోనే ఉంది."

తొమ్మిది రోజులు కునుకులతో గడిపిన మనిషిని పావుగంట పడుకోబెడితే పావుగంటకు లేవదు. ఏ గంట మోగినా లేవదు. జోల పాడింది తనే.

"రాసుకో. కుందన బతికే ఉంది. ఉత్తర సొరంగం ఉంది. ఇప్పుడే రాయి."

"రాశాను. సూచిక తిప్పాను. నిద్రపోయి లేచినవారికి తెలుస్తుంది."

అప్పుడే అందరూ నిద్రపోయి లేచారు. ఊరంతా తాజాగా, హాయిగా ఉంది. ఇంకో పదహారు గంటలదాకా ఎవరికీ కునుకు పట్టదు. అందరి మనసుల్లోనూ ఇప్పుడే కడిగి పెట్టినంత స్పష్టంగా కుందన చనిపోయి ఉంది. తరళ మనసులోనూ అంతే. ఇంతా విన్నాక కూడా, లోపల తడుముకుంటే అక్క లేదన్న సంగతి చెక్కుచెదరకుండా ఉంది. తను నమ్మని సంగతి కోసం తను పరుగెత్తాలి.

ఆమె మైకులో చెప్పింది. రెండుసార్లు చెప్పింది. అక్క బతికే ఉంది, మూడో ఆశ్రయగదిలో ఉంది, గంట సమయముంది, మనుషులు కావాలి అంది. వీధుల్లో జనం ఒక్క క్షణం నిలబడి విన్నారు. పాపం, అక్క పోయిన దిగులుకు పిచ్చెత్తిందన్నారు. ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. ఉత్తర సొరంగం అంటూ ఏదీ లేదని అందరికీ తెలుసు. లేనిచోటికి ఎవరు వెళ్తారు?

నరహరి ఇంటి తలుపు తీసి ఉంది. అతను స్నానం చేసి, గడ్డం గీసుకుని, రేడియో తుడుస్తున్నాడు.

"మైకులో విన్నా," అన్నాడు తల ఎత్తకుండా. "అట్లా మాట్లాడకు తరళా."

"బావా, బండిని నలభై నిమిషాల్లో అక్కడికి తోలగలిగేది నువ్వొక్కడివే. నన్ను నమ్మొద్దు. ఊరికే రా. లేకపోతే తిరిగొచ్చేద్దాం."

"లేకపోతే?" అతను అప్పుడు తలెత్తాడు. "తొమ్మిది రోజులు పట్టింది నాకు. ఇందాక లేచేసరికి మొదటిసారి గుండెలో బరువు దిగింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు నీతో వచ్చి, ఆ మూత తీసి, లోపల... నేను దాన్ని ఇంకోసారి పోగొట్టుకోలేను. నా వల్ల కాదు."

"ఊపిరి ఉంటే బావా? ఇంకా ఊపిరి ఉంటే?"

అతను లేచి, మేకుకు వేలాడుతున్న బండి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అతని చేయి చల్లగా ఉంది.

"తీసుకెళ్లు. నన్ను మాత్రం అడగకు," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బండి ఎక్కి, గాలి తలుపు దాటేసరికి తరళ చేతులు వాటంతటవే దక్షిణం వైపు తిరిగాయి. ఉత్తరాన వెళ్లడానికి ఏమీ లేదని ఎరుక చెబుతోంది. ఎంత బిగపట్టినా చేతులు స్టీరింగును అటే లాగుతున్నాయి. ఆమె బండి ఆపి, చెవి వెనక గోళ్లు గుచ్చి, పూసను పీకేసింది. మెడ మీదుగా వెచ్చగా నెత్తురు కారింది. ఆ మరుక్షణం ఆమెకు ఏ దారీ తెలియకుండా పోయింది, ఏ సంగతీ తెలియకుండా పోయింది. అక్క ఉందో లేదో తెలియలేదు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆమెకు ఎదురుచూడటం వచ్చింది. ఆ నొప్పికి గట్టిగా ఏడుస్తూ, పాత బండి చారలు కనబడినవైపు ఉత్తరానికి తిప్పింది.

కాసేపటికి బండి రేడియోలో గుమాస్తా గొంతు వినబడింది.

"తరళగారూ, మీ పూస కనబడటం లేదు. మీరు వెళ్తున్న చోటికి ఊళ్లో ఎవరూ రారు. మీరు తిరిగి రాకపోతే ఏమని రాయమంటారు?"

"ఏమీ రాయొద్దు. ఎవరైనా వచ్చి కళ్లతో చూసేదాకా ఏమీ రాయొద్దు."

"అలాంటి నిబంధన లేదండి," అంది గుమాస్తా మర్యాదగా. "కుందనగారి విషయంలో మీరు ఆరు గంటలు ఆగి సంతకం పెట్టారు. మీకూ ఆరు గంటలే ఆగుతాను."